మద్దెల కోటప్ప తాగిన గిన్నె

"దరువెయ్యి మామయ్యా, దరువు తప్పకయ్యా
గజ్జె కట్టిన కాలు..."

గజ్జె కట్టిన కాలు ఏం చేసిందో నాకిప్పుడు గుర్తు లేదు. ఆగిందో, అలిగిందో. మా మేనత్త పాపాయమ్మ కందులు విసురుతూ పాడేది ఈ పాట. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి తిరగలి చప్పుడులో మాట కలిసిపోయేది. పాట అయ్యాక ఈ కథ చెప్పేది. అప్పట్లో నాకు అక్షరాలు రావు గనక చెవిలో దాచుకున్నాను. ఇప్పుడు వచ్చాయి గనక రాస్తున్నాను.

ఏ దిక్కునో తెలియదు గానీ, ఒకానొక రాజ్యంలో రణరంగ భూపతి అని ఒక రాజుండేవాడు. పేరుకే రణరంగం. ఆయన యుద్ధాలన్నీ రాగాలతోనే. కత్తి పట్టిన రోజు లేదు, పాట పట్టని రోజు లేదు. నిజం చెప్పొద్దూ, గొంతు మంచిదే.

ఆ గొంతుకి ఒక అలవాటు ఉండేది. పాడబోయే ముందు వెండి గిన్నెడు ఇప్పసారా లోపల పడాలి. సారా లేని రోజు పాలల్లో నూరి కలిపిన భంగు. "మత్తు లేని పాట పథ్యం కూడులా ఉంటుంది. లోపల కాస్త తేలితేనే గదా రాగం రెక్క విప్పేది" అనేవాడు. ఎవరు కాదంటారు? అనేది రాజాయె.

రాజు తాగుతుంటే పక్కవాళ్ళు ఊరుకుంటారా. వీణ ఆయనా తాగేవాడు, పిల్లనగ్రోవి ఆయనా తాగేవాడు. తంబుర వేసే ఆయన పాట మొదలయ్యేలోపే నిద్రలోకి జారుకునేవాడు, వేళ్ళు మాత్రం మేలుకుని తీగలు మీటుతూ ఉండేవి. వినే సభవారికీ తలో గిన్నె. అందరూ ఆహా ఓహో అనేవారు. ఎందుకన్నారో మర్నాడు ఒక్కరికీ గుర్తుండేది కాదు.

ముట్టనివాడు ఒక్కడే, మద్దెల వాయించే కోటప్ప. వాళ్ళ నాన్నది కూడా గొప్ప చెయ్యేనట. సారా ఆ చేతుల్ని తినేసింది. చివరి రోజుల్లో వేళ్ళు వణికి, అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళేది కాదట. అది చూసిన తల్లి, కొడుకు రెండు చేతులూ తన తలమీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. అందుకని గిన్నె తన దగ్గరికి వస్తే కోటప్ప చిన్నగా నవ్వి పక్కవాడికి అందించేసేవాడు.

ఒకరోజు అది రాజు కంట పడనే పడింది.

"ఏమయ్యా కోటప్పా, మా సారా నీకు చేదా?"

"ఒట్టుంది ప్రభూ. మా అమ్మకి."

"అంటే మేమందరం పైన తేలుతుంటే, నువ్వొక్కడివే కింద కూర్చుని మమ్మల్ని చూస్తున్నావన్నమాట."

ఆ మాట నిజమే మరి.

రాజుకి రోషం వచ్చింది. "ఎల్లుండి మా బావమరిది వస్తున్నాడు. పాటలు వినడంలో ఆరితేరినవాడు, నన్ను ఆటపట్టించడంలో ఇంకా ఆరితేరినవాడు. వాడి ముందు నా కచేరి. రేపు మనమంతా కూర్చుని ఒకసారి పాడి చూసుకుంటాం. రేపు నా కళ్ళముందు నువ్వు గిన్నె ఖాళీ చెయ్యాలి. చెయ్యనంటావా, మద్దెల ఇక్కడ పెట్టి పొలిమేర దాటు" అన్నాడు. అంతటితో ఆగక, పాడేవారైనా వాయించేవారైనా మత్తు పుచ్చుకోకుండా సభలో కూర్చోరాదని చాటింపు వేయించాడు.

ఆ కొలువులో తిప్పాభట్టు అని ఒకాయన ఉన్నాడు. రాజును నవ్వించడం ఆయన ఉద్యోగం. రాజు నవ్వుతుండగా తన మాట తాను అనేసుకోవడం ఆయన విద్య. చాటింపు వింటూనే తిన్నగా కోటప్ప ఇంటికి నడిచాడు.

కోటప్ప అరుగుమీద కూర్చుని మద్దెల ఎడమవైపున పిండి ముద్ద అంటిస్తున్నాడు. గుమ్మంలో వాళ్ళమ్మ మూట కడుతోంది.

"ఎక్కడికి అవ్వా ప్రయాణం?"

"పొలిమేర అవతలికి అయ్యా. ఎంత అవతలికో వాడికీ తెలియదు. పిల్లల బట్టలు పెట్టాను. ఇంకేం పెట్టాలో తోచడం లేదు."

"ముడి కాస్త వదులుగా వెయ్యి, రేపు విప్పడానికి తేలికవుతుంది" అని తిప్పాభట్టు అరుగెక్కి కూర్చున్నాడు. "ఏమోయ్ కోటప్పా, ఒకటి అడుగుతాను, దాచకు. మహారాజు పాటలో పడుతుంటారు కదూ?"

కోటప్ప చెయ్యి ఆగింది. వీధి అటూ ఇటూ చూశాడు.

పాటల సంగతి తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాడేవాడు స్వరాలు వేసుకుంటూ ఎంత దూరం తిరిగినా ఫరవాలేదు, చివరికి తాళంలో తన చోటుకి వచ్చి పల్లవి ఎత్తుకోవాలి. ఒక్క దెబ్బ ముందొచ్చినా, వెనకొచ్చినా పడ్డట్టే.

"పడతారయ్యా" అన్నాడు కోటప్ప మెల్లిగా. "సారా ఎక్కాక ప్రతి పాటలోనూ పడతారు. ఎక్కడ పడబోతున్నారో ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది. ఒక దెబ్బ సాగదీసో, ఒక దెబ్బ మింగేసో, ఆయన వచ్చేచోటే గట్టిగా ముక్తాయింపు వేస్తాను. వినేవాళ్ళకి అదే అసలు చోటు అనిపిస్తుంది."

"అలా చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముంది. పక్కన కూర్చున్నవాడి పని అదే గదా."

తిప్పాభట్టు ముసిముసిగా నవ్వాడు. "రేపు నేనిచ్చిన గిన్నె తాగు. నీ ఒట్టుకి నేను పూచీ. ఒక్కటే గుర్తు పెట్టుకో. రేపు ఆయన ముఖం చూడకు. తాళం ఎలా ఉంటే అలా వాయించు."

"మరి ప్రభువు పడితే?"

"పడనీ."

"అయ్యగారూ, నా తల..."

"దానిమీద ఇప్పటికే చాటింపు ఉంది గదయ్యా. ఇంకాస్త బరువెక్కితే ఏం పోయింది."

మర్నాడు అందరూ చేరారు. తిప్పాభట్టు రాజు ముందు వంగి, "ప్రభూ, ఈ మొండివాడి చేత తాగించే భాగ్యం నాకిప్పించండి" అని వేడుకున్నాడు. రాజు సంబరపడి ఒప్పుకున్నాడు. భట్టు తన ఉత్తరీయం కొంగు సారాలో ముంచుకుని మరీ వచ్చాడేమో, దగ్గరికి వచ్చినవాళ్ళకి ఆ వాసనకే కళ్ళు తిరిగాయి.

కోటప్ప గిన్నె అందుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఒక గుక్క మింగాడు. కళ్ళు తెరిచి తిప్పాభట్టు వైపు చూశాడు. మిగతాది గటగటా తాగేశాడు.

"చూశారా ఎలా తాగాడో. ఇన్నాళ్ళూ వేషాలు" అన్నాడు రాజు. తను కూడా రెండు గిన్నెలు పుచ్చుకుని పాట ఎత్తాడు.

స్వరాల్లో పడి ఎక్కడెక్కడో తిరిగాడు. గాలిలో చెయ్యి గుండ్రంగా తిప్పి, ఠీవిగా పల్లవి అందుకున్నాడు. అందుకుంటే అక్కడ మద్దెల లేదు. రాజు ఒకవైపు, తాళం ఒకవైపు. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడి నడుములా గొంతు కలుక్కుమంది.

మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పడ్డాడు. వీణ ఆయన కంగారుపడి వేరే పాట అందుకున్నాడు. తంబుర ఆయనకి మెలకువ వచ్చింది. కొలువులో చేరాక ఆ మనిషికి పాట మధ్యలో మెలకువ రావడం అదే మొదలు.

"ఆపండి" అన్నాడు రాజు. ముఖం జేవురించింది. "కోటప్పా, నీ చేతికి ఏం వచ్చింది?"

తిప్పాభట్టు లేచాడు. "తమ ఆజ్ఞే ప్రభూ. తాగాడు."

"తాగితే ఇలా వాయిస్తాడా? తాళం తగలేశాడు."

"అంటే సారా వీడి చేతిని పాడుచేసిందంటారా?"

"కాక? నా గొంతు బాగానే ఉంది గదా."

"అందులో అనుమానం లేదు. నా చిక్కు వేరే. మత్తు పడితే విద్య రెక్క విప్పుతుందనే గదా తమ చాటింపు. చాటింపు నిజమైతే వీడు ఈరోజు బాగా వాయించి ఉండాలి. వీడు బాగా వాయించి ఉంటే..." అని తిప్పాభట్టు నసిగాడు. "ఆ తరువాతి మాట నేను అనలేను ప్రభూ. పిల్లలు గలవాణ్ణి."

సభలో ఎవరో కిసుక్కున నవ్వి దాన్ని దగ్గులోకి మార్చుకున్నారు.

రాజు ఆలోచనలో పడ్డాడు. మద్దెల బాగుందంటే పడ్డది తను. బాగా లేదంటే తప్పింది చాటింపు. రెండింట్లో చాటింపును వదులుకోవడమే హాయిగా కనిపించింది.

"సరే. మత్తు గొంతుకి మంచిది, మద్దెలకి చెడ్డది. ఇకనుంచి కోటప్ప ముట్టనక్కర్లేదు. పొలిమేరా దాటనక్కర్లేదు. చాటింపు వెనక్కి తీసుకున్నాం."

కోటప్ప రెండు చేతులూ జోడించాడు. అక్కడితో లేచి ఇళ్ళకి వెళ్ళిపోతే అయిపోయేది. కానీ తిప్పాభట్టు నోరు ఊరుకుంటుందా.

"ప్రభువుల నోట వచ్చిన మాట. ఇక మారదు గదా?"

"మారదు."

"అయితే ఇది ఒకసారి వాసన చూడండి" అని కోటప్ప తాగిన గిన్నె రాజు చేతికిచ్చాడు.

రాజు వాసన చూశాడు. అడుగున మిగిలిన చుక్క వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాడు. బెల్లం, మిరియాలు, ఏలకులు. శ్రీరామనవమికి పందిట్లో పంచే పానకం.

మద్దెల ఆయన తాగలేదు. తాగలేదంటే తాళం తప్పలేదు. తాళం తప్పలేదంటే మరి పడ్డదెవరు? ఆ లెక్క రాజు ముఖంలోకి నెమ్మదిగా దిగడం అందరూ చూశారు.

"అయితే వీడు కావాలని నన్ను పడగొట్టాడు" అన్నాడు రాజు. ఈసారి గొంతు పెంచలేదు. అందుకే కోటప్ప మద్దెల ఒళ్ళోంచి దించి కింద పెట్టాడు.

"పడగొట్టలేదు ప్రభూ. కూర్చున్నచోట కూర్చున్నాడు, అంతే" అన్నాడు తిప్పాభట్టు. "రోజూ తమరు ఎక్కడ పడబోతే అక్కడికి పరుపు మోసుకుని పరుగెత్తేవాడు. మెత్తగా ఉండేసరికి తమకి పడ్డట్టే తెలిసేది కాదు. వీడు కూడా తాగితే పరుపు మోసేదెవరు? అందులోనూ రేపు, బావమరిదిగారి ఎదట."

రాజు కోటప్ప వైపు తిరిగాడు. "ఎప్పటినించి మోస్తున్నావు?"

"తమ మొదటి కచేరి నించి ప్రభూ."

"బరువా?"

"గొంతు బాగుంటుంది ప్రభూ. అందుకని మొయ్యబుద్ధేస్తుంది."

"ఇంతమంది వింటారు గదా. పడ్డానని ఒక్కడూ చెప్పలేదేం?"

"వాళ్ళూ తాగే వింటారు గదా ప్రభూ. తమతోపాటు వాళ్ళూ పడేవారు" అన్నాడు భట్టు.

రాజు పొట్ట ముందు కదిలింది. తరువాత భుజాలు. ఆ తరువాత పకపకా నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తన చేతి బంగారు కంకణం తీసి కోటప్ప చేతికి తొడిగాడు. తిప్పాభట్టుకి పట్టు శాలువా కప్పాడు. కప్పుతూ చెవి దగ్గరికి వంగి, "రేపు నాకూ ఆ పానకమే పొయ్యి. గిన్నె మాత్రం వెండిదే ఉండాలి. నువ్వు ఆ కొంగు కూడా తడుపుకుని రా" అన్నాడు.

మర్నాడు కచేరిలో రాజు ఒక్కచోట కూడా పడలేదు. మొయ్యడానికి పరుపు లేని కోటప్ప, ఆడుకునే పిల్లాడిలా వాయించాడు. బావమరిది నోరు తెరుచుకుని విన్నాడు.

"బావా, పోయినసారి నీ పాట ఇలా లేదే. ఎక్కడి సారా అది? నాకూ ఒక కడవ పంపించు."

"పంపిస్తాను గానీ, మన సారా కొంచెం ఘాటు. తట్టుకోగలవా?" అన్నాడు రాజు, మీసం తుడుచుకుంటూ.

కడవ వెళ్ళిందట. బావమరిది దాన్ని దాచుకుని దాచుకుని తాగాడట.

"మరి ఆ రాజు మళ్ళీ సారా ముట్టలేదా అత్తా?" అని నేను ప్రతిసారీ అడిగేదాన్ని. ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పేది. ఆఖరుసారి అడిగినప్పుడు మా ఇంటికి వచ్చి వెళ్ళిపోతూ, బండి ఎక్కి కూర్చుని ఉంది.

"రాజు సంగతి నాకేం తెలుసే. కోటప్ప ఇంటికి వెళ్ళగానే వాళ్ళమ్మ వాడి నోరు వాసన చూసి ఉంటుంది. చూసి, భట్టు ఏలకులు తక్కువ వేశాడురా, అని ఉంటుంది" అంది.