నూకాలమ్మ పూత పులుసు

కొండ దిగువ చింతతోపులో ఏటా ఎండాకాలం మొదట్లో జంతువులకి నిప్పుల పండగ. పక్క చేలో రైతులు చెత్త తగలబెట్టి వెళ్ళిపోయాక, మిగిలిన నిప్పుల మీద చిలగడదుంపలు, మొక్కజొన్న పొత్తులు కాల్చుకుని తింటాయి. వాటి మీద పూయడానికి తీపి, పులుపు, కారం కలిసిన చిక్కటి పులుసొకటి ఉండాలి. పట్నంవాళ్ళు దాన్ని బార్బెక్యూ సాస్ అంటారట. అడవిలో దాని పేరు పూత పులుసు.

ఆ ఏడు అడవిదున్న గంగన్న తోపులో అందరినీ పిలిచి చెప్పాడు. "ఎవరి పూత పులుసు బావుంటే, నీటి ఊట పక్కనున్న బొరియ వాళ్ళది."

అడవికి పెద్ద ఆయనే. ఆయన మాటకి ఎదురులేదు.

ముళ్ళపంది నూకాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. వయసు మీద పడింది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. వాగు ఎండిపోయాక ఎండాకాలమంతా నీళ్ళకోసం ఆ ఊటదాకా కొండ ఎక్కి దిగడం ఇక తనవల్ల కాదు. 'ఆ బొరియ నాదే' అనుకుని తెల్లారేసరికి పొయ్యి రాజేసింది. టమాటాలు నిప్పుల మీద కాల్చి తొక్క తీసింది. చింతపండు గుజ్జు పిండింది. వెల్లుల్లి, ఎండుమిర్చి, మిరియాలు దంచి వేసింది. తాటిబెల్లం పడగానే కుండలో పులుసు బుడబుడమంటూ నిగనిగలాడింది.

వాసన పట్టుకుని నక్క పైడయ్య దిగాడు.

"ఏం వండుతున్నావత్తా? వాగు అవతలున్నా నోరూరిపోతోంది!"

"పూత పులుసు, అల్లుడూ. పండగకి."

"ఏమేం వేశావేంటి?"

నూకాలమ్మ ఒక్కటీ దాచకుండా చెప్పింది.

పైడయ్య నోరు తెరిచాడు. "అన్నీ చెప్పేశావే! నేనూ వండేస్తే?"

"వండుకో. పొద్దుటి నుంచీ తెడ్డు తిప్పుతున్నాను, చెయ్యి పడిపోతోంది. నువ్వంతసేపు ఒక్కచోట కూచుంటావా?"

పైడయ్య నవ్వేశాడు. అంత ఓపిక వాడికెక్కడిది? నూకాలమ్మ కుండ దించి, చేతులు కడుక్కోవడానికి వాగుకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కుండ లేదు. బూడిదలో నక్క అడుగులున్నాయి.

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. ముళ్ళన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. కుంటుకుంటూనే తోపుకి పరిగెత్తింది.

అప్పటికే పైడయ్య కుండని గంగన్న ముందు పెట్టి, మీసం దువ్వుతున్నాడు. "నా చేతివంట, పెద్దయ్యా."

"ఆ కుండ నాది," అంది నూకాలమ్మ రొప్పుతూ.

"కుండలన్నీ ఒక్కలాగే ఉంటాయి అత్తా! నీదనడానికి సాక్షి ఎవరు?"

సాక్షి లేడు. చుట్టూ ఉన్న కుందేళ్ళు, కోతులు మొహాలు చూసుకున్నాయి. నూకాలమ్మ ఊపిరి తీసుకుంది. కుండవైపు చూసింది, ఎర్రగా కణకణలాడుతున్న నిప్పులవైపు చూసింది. ఆమె గొంతు నెమ్మదించింది.

"పెద్దయ్యా, తనదేనంటున్నాడుగా. తననే దుంపలు కాల్చి పెట్టమనండి. అల్లుడూ, ఒక్క మాట. పూత ముందే పూయకు. దుంప పూర్తిగా కాలాక, దించబోయే ముందు పూయి."

పైడయ్య కళ్ళు చికిలించాడు. 'పోటీకి వచ్చినావిడ నాకు మంచి చెబుతుందా? చివర్లో పూయమందంటే మొదట్లోనే పూయాలన్నమాట. ఎవరికి చెవిలో పువ్వులు పెడుతోంది!'

"నాకు నేర్పకత్తా," అంటూ పచ్చి దుంపలకీ, పొత్తులకీ పులుసు దట్టంగా పట్టించి నిప్పుల మీద పడేశాడు.

బెల్లం చుయ్యిమంది. చూస్తుండగానే పూత మాడి బొగ్గయింది. పొగకి కోతులు దగ్గుతూ చెట్లెక్కాయి. గంగన్న ఒక పొత్తు కొరికి తుపుక్కున ఉమ్మేశాడు.

"పైన చేదు, లోపల పచ్చి! బెల్లం పడ్డ పులుసు మంట తగిలితే మాడుతుందని వండినవాడికి తెలియదా?"

"అత్త నన్ను మోసం చేసింది, పెద్దయ్యా!"

"ఏమని?"

"చివర్లో పూయమంది..." పైడయ్య నాలుక కరుచుకున్నాడు.

తోపంతా గొల్లున నవ్వింది. నూకాలమ్మ కుండ అందుకుంది. అడుగున ఇంకా చారెడు పులుసుంది. మిగిలిన దుంపల్ని నిదానంగా కాల్చి, సరిగ్గా దించబోయే ముందు పైపైన పూసింది. ఎర్రటి పూత అద్దంలా మెరిసింది. గంగన్న ఒకటి తిన్నాడు, ఇంకోటి తిన్నాడు, మూడోదానికి చెయ్యి చాచి అప్పుడు నోరు విప్పాడు.

"నూకాలమ్మా, నీ సామాను ఊట దగ్గరికి చేర్చుకో."

పైడయ్య తోక ముడుచుకుని, ఆకలి కడుపుతో కొండ ఎక్కాడు.

పొద్దస్తమానం మోసంతో బతికేవాడికి, ఎదుటివాళ్ళు నిజం చెప్పినా మోసంలాగే వినిపిస్తుంది.