మాన్కుబాయి వెతికిన ఇప్పమొక్క

అనగనగా ఉత్తరాన, గుట్టలు మొదలై అడవి చిక్కబడే చోట, ఒక చిన్న గూడెం ఉండేదట చిన్నీ. అందులో పది ఇళ్ళు. పది ఇళ్ళకీ కలిపి తొమ్మిదే ఇప్పచెట్లు.

చెట్టు లేని ఇల్లు మాన్కుబాయిది. ఆమె చెట్టు కిందటి వానాకాలం గాలికి వేళ్ళతో సహా పడిపోయింది. పడిపోతే ఏమయింది అంటావేమో. చైత్రంలో ఇప్పపువ్వు రాలుతుంది. దాన్ని ఏరి, ఎండబెట్టి, ఏడాదంతా దాచుకుని వండుకుంటారు వాళ్ళు. ఒకరి చెట్టు కింద ఇంకొకరు ఒక్క పువ్వయినా ఏరకూడదని గూడెం కట్టుబాటు. కొత్త మొక్క కనబడితే మాత్రం, ఎవరు కంచె కట్టి కాపాడితే అది వాళ్ళది.

అప్పటినుంచీ మాన్కుబాయికి ఒకచోట కాలు నిలవలేదు. పొయ్యిమీద గంజి పెట్టి మరిచిపోయేది. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి అడవికేసి చూసేది. ఎక్కడో ఒక్క మొక్క ఉండకపోతుందా అనుకునేది.

ముందు వాగు ఒడ్డుకి వెళ్ళింది. అక్కడ గూడెంవాళ్ళ ముసలి ఇప్పచెట్లున్నాయి గానీ పిల్ల మొక్క లేదు. ఆ తర్వాత గుట్ట వాలుకి వెళ్ళింది. అక్కడ వేలెడేసి మోడులున్నాయి, అన్నీ మాడినవే. ఆ తర్వాత ఎవరూ వెళ్ళని చోటికి, ఎలుగుబంట్లు తిరిగే బండల దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఎండుటాకులు మోకాలి లోతున ఉన్నాయి. వాటి మధ్య నడుమెత్తున ఇప్పమొక్కలు. ఒకటా రెండా!

మాన్కుబాయి గబగబా ఒక మొక్క చుట్టూ తవ్వింది. తల్లివేరు లోతుకి పోయింది, ఇంకా లోతుకి పోయింది, చివరికి పుటుక్కున తెగింది. ఇక ఆ మొక్కని తెచ్చి నాటినా బతకదు. అప్పుడే బండ వెనక ఏదో గుర్రుమంది. ఆమె ఊపిరి బిగబట్టి, వెనక్కి వెనక్కి నడిచి, ఇంటిదారి పట్టింది.

దారంతా ఒకటే ఆలోచన. ఎలుగు తిరిగే చోట మొక్కలున్నాయి, మనం తిరిగే చోట ఎందుకు లేవు?

ఎందుకో చెప్తా విను. పువ్వు రాలే ముందు గూడెంవాళ్ళు చెట్ల కింది ఎండుటాకులకి నిప్పు పెడతారు. నల్లబడ్డ నేలమీద పువ్వు బాగా కనబడుతుంది, ఏరడం సులువు. కానీ ఆ మంట ఆకులతో ఆగుతుందా? ఆకుల చాటున మొలిచిన మొక్కల్ని కూడా తినేస్తుంది. ఎలుగుబండల దగ్గర నిప్పు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని అక్కడ బతికాయి.

ఆ సంగతి మాన్కుబాయికి తట్టేసరికి గూడెం వచ్చేసింది. రేపు పొద్దున్నే నిప్పు పెట్టాలని అప్పటికే అనుకున్నారు. ఆమె తిన్నగా గూడెం పెద్ద ఇంటికి వెళ్ళింది. ఆయన్ని వాళ్ళు పట్లా అంటారు. ఈసారి నిప్పు వద్దని, నేల కాలకపోతే ఆకుల చాటు మొక్క ఈ వానలకి పైకి లేస్తుందని, చెట్ల కిందంతా తానే ఊడుస్తానని చెప్పింది. పట్లా గడ్డం గోక్కున్నాడు. ఆయన భార్య జైతుబాయి నవ్వింది.

“నీ వాకిలే నువ్వు ఊడ్వంగ ఎన్నడు చూడలె. తొమ్మిది చెట్ల కింద ఊడుస్తవా?”

“ఊడుస్త వదినె. మూడు దినాలియ్యి.”

“పువ్వు నీ కోసం ఆగుతదా?”

ఆగకపోతే ఆకు మిగిలిన చోట నిప్పు పెట్టుకోమని మాన్కుబాయి ఒప్పుకుంది.

మొదటి రోజు మూడు చెట్ల కింద ఊడ్చింది. రెండో రోజు ఇంకో మూడు. అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో రోజు ఏడో చెట్టయింది, ఎనిమిదోదీ అయింది. అప్పుడు టప్... టప్... అని పువ్వు రాలడం మొదలైంది. మిగిలింది జైతుబాయి చెట్టు ఒక్కటే.

మాన్కుబాయి చీపురు పట్టుకుని పరిగెత్తింది. ఆమె వెళ్ళేసరికి జైతుబాయి మండే కట్టెతో చెట్టు కింద వంగి ఉంది. ఆకుల్లోంచి అడవికోడి ఒకటి భర్రున లేచి, ఆమె మొహం పక్కనుంచే ఎగిరిపోయింది. అది లేచిన చోట ఆరు గుడ్లు.

జైతుబాయి ఆ గుడ్లకేసి చూసింది. చేతిలో కట్టెకేసి చూసింది.

“ఇన్నేండ్లల్ల ఎన్ని గూళ్ళు కాల్చిన్నో,” అంది మెల్లిగా.

అప్పుడు కట్టెని మట్టిలో గుచ్చి ఆర్పేసింది. ఇంట్లోంచి పాత చీర తెచ్చి, గూటికి దూరంగా, ఆకులమీదే పరిచింది. పువ్వు చీరమీద రాలింది. ఊడ్చే పని కూడా తప్పింది. చూసినవాళ్ళు తలా ఒక పాత చీర వెతుక్కున్నారు. ఊడ్చిన కష్టానికి ఇంటికో బుట్ట పువ్వు మాన్కుబాయికి ముట్టింది.

ఆ తర్వాత వానలొచ్చాయి. ఒకరోజు జైతుబాయి తడుస్తూ వచ్చి, రమ్మని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఆమె చెట్టుకి పది అడుగుల అవతల నాలుగాకుల మొక్క. “కంచె కట్టుకో,” అంది.

మాన్కుబాయి ఆరోజే ముళ్ళకంచె కట్టింది. కానీ మనసు కుదురుకుందా? మేక మేస్తుందేమో, ముళ్ళపంది వేరు తవ్వుతుందేమో, ఎండకి వాడుతుందేమో అని రోజుకి మూడుసార్లు వెళ్ళి చూసొచ్చేది.

మరి పువ్వెప్పుడు పూసిందంటావా? ఇంకా పూయలేదురా చిన్నీ. ఇప్పమొక్క పూతకి రావాలంటే పదేళ్ళు పడుతుంది. ఇప్పటికి ఎనిమిదేళ్ళు. మొక్క ఆమెని మించి పెరిగింది. ప్రతి చైత్రంలోనూ తెల్లవారకముందే వెళ్ళి, కొమ్మకొమ్మా తడిమి, ఒక్క మొగ్గయినా లేదని తిరిగొస్తుంది. మళ్ళీ పొద్దుగూకే వేళకి, ఎందుకైనా మంచిదని, ఇంకోసారి వెళ్తుంది.

కోడి పిల్లలతో పొదలోకి పోయింది,
ఎలుగు పిల్లతో బండల్లోకి పోయింది,
కథ అడవి దాటి కంచికి పోయింది,
మనమూ ఇంటికి పోదాం, ఇక కళ్ళు మూయి.