విప్పనన్న గురివి

“ఉప్పెనా! ఓసి ఉప్పెనా! ఆగవే తల్లీ!”

గుర్రపుశాలలో పనిచేసే గురివి అరుస్తూ పరుగెత్తింది. వింటేగా! ఆ తెల్లని ఆడగుర్రం కట్టుగొయ్యను పెరికి, తాడుతో సహా ఈడ్చుకుంటూ కోటవీధుల వెంట పోతోంది. కుండల బండి బోల్తా పడింది. మేళగాళ్ళు సన్నాయిలు చంకన పెట్టుకుని గోడలెక్కారు.

పిల్లలూ, రాజులకు గుర్రాలే రెక్కలుగా ఉన్న రోజుల్లో, వెన్నెలగిరి అనే రాజ్యంలో జరిగిన ముచ్చట ఇది. అక్కడ విజయదశమినాడు రాజుగారు తన ఆయుధాలను జమ్మిచెట్టు మొదట పెట్టి పూజ చేసేవారు. పూజ ముగిసేదాకా పట్టపుగుర్రం ఆ చెట్టుకు కట్టి ఉండాలి. కాలు కదపకూడదు. అదీ ఆచారం.

ఉప్పెన పరుగు తీస్తే గాలి వెనకబడేది. కానీ కట్టేస్తే చాలు, నేల తవ్వేది, తాడు తెంపేది.

రాజుగారు విసిగిపోయి అన్నారు: “ఈ దసరాకు నిలబడితే ఇదే పట్టపుగుర్రం. నిలబడలేదో, సున్నపు గానుగకు తోలేస్తాను. కళ్ళకు గంతలతో బతికినన్నాళ్ళూ తిరుగుతుంది.”

గురివి ఉప్పెన మెడను వాటేసుకుంది. ఈనగానే తల్లి చచ్చిపోతే, మేకపాలు పట్టి ఆ పిల్లను సాకింది ఆమే. దాని మాట కూడా ఆమె ఒక్కదానికే తెలిసేది.

మొదట సేనను నడిపే దళవాయి వచ్చాడు. “గుర్రానికి ఇనుము రుచి తెలియాలి” అని మీసం దువ్వి గొలుసు వేశాడు. ఉప్పెన గుంజుకుంది. మెడ ఒరుసుకుపోయి నెత్తురు కారింది. దళవాయి అటు తిరగగానే గురివి ఏడుస్తూ గొలుసు విప్పేసింది.

తర్వాత బెల్లం షావుకారు చెంచయ్య వచ్చాడు. “తీపికి లొంగనిది లోకంలో ఉందా?” అంటూ, అది నేల తవ్వినప్పుడల్లా నోటికి ఓ బెల్లంముక్క అందించాడు. ఉప్పెనకు సంగతి అర్థమైంది. ఇంకా జోరుగా తవ్వింది.

“ఇంకాస్త పెట్టండి షావుకారుగారూ, నీళ్ళు పడతాయి!” అని జనం నవ్వారు. షావుకారు ఖాళీ బుట్టతో ఇంటికి పోయాడు. గురివి మళ్ళీ తాడు విప్పింది.

ఉప్పెన ఆమె భుజం మీద గడ్డం ఆనించి, “నాకు తెలుసులే. కాస్త గోల చేస్తే నువ్వొచ్చి విప్పుతావు” అంది.

ఆ మాట గురివికి ముల్లులా దిగింది. దీన్ని చెడగొట్టిందెవరో అప్పటికి తెలిసింది. బయటికి మాత్రం అనలేదు. అంటే ఉప్పెనను తన చేతిలోంచి తీసుకుపోతారని భయం.

మరునాడు తనే కట్టి, ఎదురుగా కూర్చుంది. ఉప్పెన నేల తవ్వింది. విప్పలేదు. కోటంతా వినబడేలా సకిలించింది. విప్పలేదు.

“నా మీద ప్రేమ చచ్చిపోయిందా నీకు?” అంది ఉప్పెన.

“చావలేదే. అందుకే విప్పను” అంది గురివి, కళ్ళు తుడుచుకుంటూ.

చివరికి ఉప్పెన అలిసి, నాలుగు కాళ్ళూ నేలకానించి నిలబడింది. ఆ క్షణమే గురివి ముడి విప్పింది. రోజూ అదే పని.

విజయదశమి వచ్చింది. డప్పులు మోగాయి. ఉప్పెన నిలబడింది. శంఖం ఊదారు. చెవులు మాత్రం ఆడించింది. రాజుగారు కత్తి దూశారు. ఎండకు కత్తి తళుక్కున మెరిసి దాని కళ్ళలో కొట్టింది. అంతే! ముందుకాళ్ళు గాల్లోకి లేచాయి. జమ్మికొమ్మలు గలగలలాడాయి.

“అపశకునం! విప్పండి దాన్ని! గానుగకు తోలండి!” రాజుగారు గర్జించారు.

గురివి వెళ్ళి ముడికి అడ్డంగా నిలబడింది.

“విప్పను.”

“ఓసి పిచ్చిదానా, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?” అన్నాడు దళవాయి.

“తెలుసు. రాజుగారితోనే. నేను విప్పను. ఇంకొకర్ని విప్పనివ్వను. నన్ను నరికాక విప్పుకోండి.”

“నా ఆజ్ఞకంటే నీ ముడి గొప్పదా? కారణం చెప్పు!” అన్నారు రాజుగారు.

గురివి తల వంచలేదు.

“దీన్ని చెడగొట్టింది నేనే మహారాజా! తల్లిలేని పిల్ల అని, అది కాలు విసిరినప్పుడల్లా పరుగెత్తి విప్పాను. గోల చేస్తే ముడి ఊడుతుందని నేర్పింది ఈ చేతులే. ఇప్పుడు విప్పితే మళ్ళీ అదే నేర్పినట్టు. తప్పు నాది. గానుగకు కట్టాలంటే నన్ను కట్టండి. కానీ ఇది నిలబడేదాకా ఆగండి.”

రాజుగారు చెయ్యెత్తి భటులను ఆపారు. ఉప్పెన గుంజింది, గురివి ముఖంలోకి చూసింది, బుస్సున ఊపిరి వదిలి కాళ్ళు నేలకు దించింది. రాజుగారు పూజ ముగించి, “ఇదే పట్టపుగుర్రం” అని జమ్మి ఆకు తుంచి దాని నొసట పెట్టేదాకా కదలలేదు. అప్పుడు విప్పింది గురివి.

జాలితో చేసినా తప్పు తప్పే. అది నాదేనని నలుగురిలో చెప్పే తెగువ ఉన్నవాళ్ళే దాన్ని దిద్దగలరు.