గురవమ్మ వేసిన ఉచ్చు

అనగనగా కొండ దిగువన ఒక చిన్న ఊరు. ఆ ఊరి చివరింట్లో గురవమ్మ, ఆమె మొగుడు కోటయ్య ఉండేవాళ్ళు. కూతురు పురిటికి రాబోతోంది. బిడ్డ పుట్టాక కూతురికి కోడిపులుసు చేసి పెట్టాలని గురవమ్మ ముందే గుడ్లు పొదగేసింది. పిల్లలు దిగాయి. కియ్ కియ్ మంటూ పెరడంతా తిరిగేవి.

ఒకరోజు ఒక పిల్ల కనబడలేదు. మర్నాడు ఇంకోటి. ఆ మర్నాడు మరోటి. అప్పుడు గురవమ్మ పెరడంతా గాలించింది. గడ్డివామి పక్కన బురదలో పిల్లి అడుగులు కనిపించాయి. ఇంటిపిల్లివి కావు, పెద్దవి.

"కొండ మీంచి బావురుపిల్లి దిగిందయ్యా. ఉచ్చు వెయ్యాలి," అంది.

"కోడిపిల్లల కోసం వచ్చిందో, ఎలకల కోసం వచ్చిందో. రెండ్రోజులు చూద్దాంలే," అన్నాడు కోటయ్య.

గురవమ్మ ఆగలేదు. కంచె సందులో తనే తీగ ఉచ్చు బిగించింది. తెల్లారి చూస్తే పిల్లి అందులో పడి చచ్చిపోయి ఉంది. తీసి పారేద్దామని వంగింది. దాని రొమ్ములు పాలతో ఉబ్బి ఉన్నాయమ్మా. ఎక్కడో దీని కూనలున్నాయి, అనుకుంది గురవమ్మ.

అప్పుడే పైనుంచి గద్ద రివ్వున వాలింది. ఆమె చూస్తుండగానే ఇంకో కోడిపిల్లని తన్నుకుపోయింది.

ఆ తర్వాత గురవమ్మ వంట కూడా మానేసి పిల్లికూనల కోసం వెతికింది. మొదటిరోజు ఎక్కడో సన్నగా ఏడుపు వినిపించింది, చోటు తెలియలేదు. రెండోరోజు ఆ ఏడుపు నీరసించింది. మూడోరోజు అసలు వినబడలేదు.

అప్పుడు మొగుడూ పెళ్ళాం కలిసి గడ్డివామి విప్పారు. అడుగున మూడు కూనలు. రెండు బిగుసుకుపోయాయి. ఒకదాని పొట్ట మాత్రం కొద్దికొద్దిగా కదులుతోంది. చుట్టూ ఎలక తోకలు, ఒక పందికొక్కు తల. కోడి ఈక ఒక్కటి లేదు.

గురవమ్మ ఆ కూనని ఒళ్ళో పెట్టుకుని, దూదితో మేకపాలు పట్టింది. రెండ్రోజులు తాగింది. ఆ తర్వాత మూతి తిప్పేసుకుంది. పొద్దు వాలేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది.

కోటయ్య కుంకుడుచెట్టు కింద గుంట తీశాడు.

"తెలియక చేశావు. ఊరుకో," అన్నాడు.

"తెలియక కాదయ్యా. తెలుసుకోకుండా చేశాను," అంది గురవమ్మ. పారకి చెయ్యి చాచలేదు. కూర్చుని, గుప్పెడు గుప్పెడుగా మట్టి తనే కప్పింది.

అంతేనమ్మా.

కథేమో కంచి దారి పట్టింది,
నా తల్లి కంటికి నిద్ర పట్టింది.