తోలని ముఖం

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరుంటున్న చోట కిటికీలన్నిటికీ జాలీలే. ఒక చేత్తో ఈగల్ని తోలుకుంటూ ఇంకో చేత్తో అన్నం తినడం మీకు తెలియదు. అందుకే చెబుతున్నాను.

సగం కట్టిన ఒక ఇంటి ముందు, ఇసుక బండి లాగే బూడిదరంగు మైల ఎద్దు ఉండేది. దాని వీపు మీద జుంజుమ్మ అనే ఈగ కాపురం. మేస్త్రి సింహాచలం క్యారేజీ విప్పితే చాలు, జుంజుమ్మ ఆయన పెదవి మీద వాలేది, చెవి దగ్గర రొద పెట్టేది, ముక్కు మీద కూర్చుని చేతులు నలుపుకునేది. ఆయన తువ్వాలు విసిరేలోపే వెనక్కి ఎగిరి, పైకప్పుకు తలకిందులుగా అతుక్కునేది.

ఎలా తప్పించుకుంటావని ఎద్దు ఒకసారి అడిగింది.

"చెయ్యి కంటే ముందు చేతిగాలి వస్తుంది మావా. అది తగిలితే నేనక్కడ ఉండను. కానీ విసుగొచ్చేసింది. ఒక్క ముఖమైనా నన్ను కుదురుగా కూర్చోనివ్వదేం?"

ఆ మాట ఇంకెవరో కూడా విన్నారు.

మిట్టమధ్యాహ్నం. కూలీలు నిద్రపోయారు. ఆకు కదలడం లేదు. ఇంటికి దిష్టి తగలకుండా సరుగుడు కర్రకు కట్టిన బొమ్మ ఒక్కటే మేలుకుని ఉంది. గడ్డి ఒళ్లు, కుండ తల, సున్నంతో దిద్దిన కళ్లు. మూతి దగ్గర కుండ పగిలి నోరు తెరిచినట్టుంది.

ఆ నోట్లోంచి మాట వచ్చింది.

"రా తల్లీ. నా చేతులు లేవవు. నా కళ్లు మూతపడవు. ఎంతసేపైనా కూర్చో."

ఎద్దు నెమరు ఆపేసింది. ఆ బొమ్మను బండిలో తెచ్చింది తనే. దారి పొడవునా అది పలకలేదు.

"పోకే. తోలే ముఖంలో మనిషి ఉంటాడు. తోలని ముఖంలో ఏముందో?"

"నువ్వూ తోకతో కొట్టేవాడివేగా," అని జుంజుమ్మ ఎగిరిపోయింది.

ముందు నుదుటి మీద వాలింది. చెయ్యి లేవలేదు. సున్నపు కంటి మీద నడిచింది. రెప్ప పడలేదు. పెదవి మీదకు దిగి, చేతులు నలుపుకుంటూ, "చూశావా మావా, ఈ ముఖం నాకు భయపడింది" అంది.

నోటి లోపల టిక్ టిక్ మంది.

బల్లి పలుకు ఎద్దుకు తెలుసు. హెచ్చరిద్దామని అది నోరు తెరిచేలోపే బొమ్మ నోటి చీకట్లోంచి నాలుక వచ్చి, వెళ్లిపోయింది. ముందుగా గాలేదీ రాలేదు.

పొద్దువాలాక సింహాచలం మిగిలిన అన్నం ముందు కూర్చుని, అలవాటుగా తువ్వాలు విసిరాడు. అక్కడ ఏమీ లేదు. ఎద్దు తోక కూడా ఒకసారి లేచి ఆగింది. బొమ్మ మాత్రం చూస్తూనే ఉంది.

కసిరి తోలే చేతికంటే, ఎంతకీ విసుక్కోని ముఖానికే ఎక్కువ భయపడాలి.

మీకంటే చిన్నవాళ్లకు ఈ కథ చెప్పండి. పగటిపూటే చెప్పండి.