సీటు కింద పూచీ కాగితం

పేరు చెప్పినా ఇప్పుడెవరికీ గుర్తురాని ఒక కొండ సంస్థానంలో, టేకు దుంగలు లాగడానికి దొరగారి జీపు ముందు ఒక వించి, అంటే ఇనుప తాడును చుట్టుకుంటూ బరువు లాగే బ్యాటరీ యంత్రం, ఉండేది. కిందటి వానల్లో దుంగను లాగుతుండగా సీటు కింద నుంచి పోయే దాని వైర్లు అంటుకొని, డ్రైవరు సింగన్న సీటులోనే కాలి చనిపోయాడు.

ఆ జీపును బాగుచేయమని దొర మెకానిక్కు పోలయ్యను పిలిపించాడు. ఇకమీదట దాన్ని నడపవలసినవాడు పోలయ్య తమ్ముడు గంగులు.

“దొరవారూ, వించికి లావు వైర్లు కావాలి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాలి. ఎర్తు వైరును రంగు పూసిన రేకుకు కాక నేరుగా బ్యాటరీకే బిగించాలి,” అన్నాడు పోలయ్య.

“ఇనుమంతా ఇనుమే, ఎక్కడ బిగిస్తే ఏం? మునుపటిలాగా సన్న వైర్లే వెయ్యి. అవి భద్రమేనని, ఏం జరిగినా పూచీ నీదేనని ఈ కాగితం మీద వేలిముద్ర కూడా వెయ్యి. కాదంటే అన్నదమ్ములిద్దరూ కొండ దిగిపోండి.”

పోలయ్య వేలిముద్ర వేశాడు. కాగితాన్ని మడిచి, డ్రైవరు సీటు కింద వైర్లు పోయేచోట దోపాడు.

“అక్కడెందుకురా? ఇలా తే. అది కాస్తా కాలిపోతే నా దగ్గర రుజువేముంటుంది?” అన్నాడు దొర.

దుంగలకు కట్టే గొలుసులు పట్టుకొని చుట్టూ ఉన్న కూలీలు తలలెత్తి చూశారు.

“వైర్లు భద్రమని తమరే రాయించారు. కాలిపోయే చోటని కాగితాన్ని తీయమంటున్నారు. అదే చోట నా తమ్ముణ్ణి కూర్చోమంటున్నారు,” అన్నాడు పోలయ్య.

కూలీలు ఒక్కొక్కరే దుంగల గొలుసులను నేలమీద పెట్టారు. పట్నం నుంచి లావు వైర్లు వచ్చేదాకా ఆ గొలుసులను ఎవరూ మళ్లీ ఎత్తలేదు.