వెనుక మూల దిమ్మె

తాళం తెరుచుకోలేదు.

తాళంచెవి లోపలికి పోతోంది, సగం చుట్టు తిరుగుతోంది, అక్కడ ఆగిపోతోంది. పొద్దు పొడిచినప్పటి నుంచి ఇద్రీస్ బండి వెనుక మెట్టు మీద నిలబడి అదే పని చేస్తున్నాడు. మధ్యాహ్నపు నమాజులోగా ఆ తలుపు తెరవాలి. లోపల ఒక పెట్టెలో అతుకులు వేసిన పాత అంగీ ఉంది. పెద్దరికానికి గుర్తుగా ఆ అంగీని ఈ రోజే అతని భుజాల మీద కప్పాలి.

ఆదవాని కోట తరచుగా చేతులు మారుతున్న కాలం అది. సఫ్దర్ షా అనే పీరు తన శిష్యులతో కందనవోలులో బయలుదేరి, ఊరూరా ఆగుతూ, పడమటి దారిన వస్తున్నారు. ఆయనకు స్థిరమైన ఇల్లు లేదు. ఉన్నదల్లా రెండు చక్రాల మీద నిలిపిన ఒక చెక్కగది. నాలుగు పక్కలా పలకలు, పైన వంపు కప్పు, వెనుక ఒక తలుపు, ఆ తలుపులో బిగించిన ఇనుప తాళం. ఎద్దులు దాన్ని లాగేవి. శిష్యులు వెంట నడిచేవారు. ఆయన అందులో కూర్చుని చదువుకునేవారు.

ఆదవానికి ఒక మజిలీ ఇవతల ఫకీర్ల ఆశ్రమం ఒకటి, ఖాన్‌కా అంటారు, నడిపే పెద్ద లేకుండా ఏడాదిగా ఉంది. ఇద్రీస్‌ను అక్కడ పెద్దగా నిలపడానికే ఈ ప్రయాణం. నిన్న సాయంత్రం బండి ఖాన్‌కా వాకిట్లోని నల్లరేగడి నేల మీద ఆగింది.

ఇద్రీస్ యోగ్యుడే. అరబ్బీ, పారసీ రెండూ చదివాడు. వేళ తప్పి ఎరుగడు. అందుకే బయలుదేరేనాడు శిష్యుల నియమనిష్ఠలు చూసుకునే బాధ్యతను సఫ్దర్ షా అతనికి అప్పగించారు. నలభై రోజులు గడిచాయి. పదకొండుమంది శిష్యుల్లో నలుగురు తగ్గారు. తెల్లవారుజామున లేవలేదని ఒకరిని, ఉపవాసం నాడు చెరుకుముక్క నమిలాడని మరొకరిని, ఎదురు చెప్పాడని ఇంకొకరిని ఇద్రీస్ పంపివేశాడు. నాలుగో అతను ఎవరూ పొమ్మనకుండానే ఒక ఉదయం కనిపించలేదు.

ఇప్పుడు ఐదోవాడి వంతు. అతని పేరు హుసేనప్ప.

హుసేనప్ప దూదేకులవాడు, యాభై దాటినవాడు. ముప్పై ఏళ్ళు విల్లు పట్టి దూది ఏకి, భార్య పోయాక సఫ్దర్ షా వెంట నడక మొదలుపెట్టాడు. ప్రార్థన వాక్యాలు తప్పుగా పలుకుతాడు. నవ్వితే పక్క వీధికి వినిపిస్తుంది. బండి తాళంచెవి అతని మొలతాడుకే వేలాడుతూ ఉండేది. తాళం చెడగొట్టింది అతనేననడానికి ఇద్రీస్ దృష్టిలో ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

తాళంచెవిని పిడికిట పట్టుకుని ఇద్రీస్ గురువు దగ్గరకు వెళ్ళాడు. సఫ్దర్ షా తుమ్మచెట్టు నీడలో కూర్చుని తెగిన చెప్పు పట్టీ కుట్టుకుంటున్నారు.

"హజ్రత్, తాళం పాడైపోయింది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు రోజులు. మొదటిరోజు కాస్త పట్టేసింది. రెండోరోజు రెండు చేతులూ కావలసి వచ్చాయి. ఈ రోజు అసలు కదలడం లేదు. హుసేనప్ప చేయి మొరటు. దూది బాదిన చేయి. లోపల ఏదో విరగ్గొట్టి ఉంటాడు, అడిగితే ఒప్పుకోవడం లేదు." ఇద్రీస్ ఒక అడుగు ముందుకు వేశాడు. "అంగీ కప్పుకునే ముందు ఒక్క మనవి. అతన్ని పంపించేయాలి. అటువంటివాణ్ణి పెట్టుకుని నేను ఖాన్‌కా నడపలేను."

సఫ్దర్ షా దారం పంటితో తెంపారు.

"ముందు తాళం తెరువు. తెరిచాక ఎవరిని పంపమంటే వారిని పంపుదాం."

ఆ మాట హుసేనప్పకూ వినిపించింది. అతను బండి పక్కకు వెళ్ళి, తన కంబళి మడిచి, నీళ్ళచెంబు, మారు పంచె అందులో పెట్టి మూట కట్టుకున్నాడు. ఆ మూట మీదే కూర్చున్నాడు.

ఇద్రీస్ పని మొదలుపెట్టాడు. మొదట నువ్వులనూనె తెప్పించి తాళం రంధ్రంలో పోశాడు. నూనె తలుపు మీదుగా కారి మెట్టు మీద మడుగు కట్టింది. తాళం కదలలేదు. తరువాత తాళంచెవి పళ్ళను ఆకురాయితో రుద్దాడు. ఆ తరువాత, మొన్నటి వానకు చెక్క ఉబ్బి ఉంటుందనుకుని, తలుపు అంచున నిప్పుల కుంపటి పెట్టించాడు. చెక్క వేడెక్కింది. తాళం కదలలేదు.

"ఇద్రీస్ మియా," అన్నాడు హుసేనప్ప మూట మీది నుంచే. "తాళం మంచిదే. పాపం, దాన్నెందుకు కాలుస్తారు?"

"నిన్ను అడిగానా?"

"అడగలేదు. నిన్న దారిలో తెరుచుకుంది కదా, అందుకన్నాను. మిట్టమధ్యాహ్నం బండి దిగి నడుస్తున్న హజ్రత్‌కు దాహమైతే కూజా తీసిచ్చాను. ఒక్క చేత్తో తెరిచాను."

"దారిలో నీ చేతికి తెరుచుకుంటుంది, ఇక్కడ నా చేతికి తెరుచుకోదు. అంటే ఏమిటి? నువ్వేదో చేశావనేగా!"

హుసేనప్ప గడ్డం గోక్కున్నాడు. "అంత విద్య ఉంటే దూది ఎందుకు ఏకుతాను, మియా?"

చుట్టూ చేరిన ఫకీర్లలో ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. ఇద్రీస్ ముఖం ఎర్రబడింది. మళ్ళీ తలుపు వైపు తిరిగి, రెండు చేతులతో తాళంచెవిని మెలితిప్పాడు. తాళంచెవి కొద్దిగా వంగింది.

"నలుగురూ వెళ్ళిపోయారు," అన్నాడు హుసేనప్ప, ఈసారి నవ్వకుండా. "నా మూట కూడా కట్టేశాను. ఇక తాళాన్ని ఒక్కదాన్ని పంపలేక ఇబ్బంది పడుతున్నారు."

"కమ్మరిని పిలవండి!" అని ఇద్రీస్ అరిచాడు. "పగలగొట్టిస్తాను."

అప్పటికి నీడలు పొట్టివై కాళ్ళ దగ్గరకు చేరాయి. ఖాన్‌కా పెద్దలు చాపలు పరిచి, వజూకు, అంటే నమాజు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి, నీళ్ళు నింపి, ఎదురు చూస్తున్నారు. సఫ్దర్ షా లేచారు. కుట్టిన చెప్పును తొడుక్కుని చూసుకుని, మెల్లగా బండి దగ్గరకు వచ్చారు.

ఆయన తాళంచెవి అడగలేదు. తాళం వంక చూడనూ లేదు. నేల మీది నుంచి ఒక గడ్డిపోచ తీసుకుని, తలుపుకూ ద్వారబంధానికీ నడుమ ఉన్న సందులో పెట్టారు. తాళానికి పైన గడ్డిపోచ సులువుగా దూరింది. కిందికి జరుపుతూ వచ్చారు. తాళం దాటిన తరువాత పోచ వంగి విరిగింది. అక్కడ వెంట్రుక పట్టే చోటు కూడా లేదు.

"ఇద్రీస్, నిన్న బండి నిలిపింది ఎవరు?"

"నేనే, హజ్రత్."

ఆ మాట అనడంలో కొంచెం గర్వం ఉంది. కారణం లేకపోలేదు. బండి ఆగినప్పుడల్లా దాని నాలుగు మూలలా నాలుగు ఊతకాళ్ళు దించి, వాటి కింద ఏటవాలుగా చెక్కిన దిమ్మెలు పెట్టాలి. లేకపోతే రెండు చక్రాల మీద గది ఊగుతుంది. ఆ పని హుసేనప్పది. అతను దిమ్మెను చేత్తో తోసి, అరచేత్తో ఒక్కటి కొట్టి వదిలేసేవాడు. గురువు లోపల కూర్చుని నామస్మరణ చేస్తుంటే ఎదుటి గిన్నెలో నీళ్ళు సన్నగా వణకడం ఇద్రీస్ ఒకసారి చూశాడు. అది అతనికి అపచారంగా తోచింది. మూడు రోజుల క్రితం ఆ పని తానే తీసుకున్నాడు. కొయ్యసుత్తితో ఒక్కో దిమ్మెనూ ఇక దిగనంతవరకూ దిగగొట్టాడు. ప్రతి మజిలీలోనూ ముందటికంటే రెండు దెబ్బలు ఎక్కువే వేశాడు.

"ఇప్పుడు నీళ్ళు వణకడం లేదు, హజ్రత్," అన్నాడు.

"లేదు. చూశాను."

సఫ్దర్ షా తలపాగా తీసి హుసేనప్ప చేతికిచ్చారు. డెబ్బై ఏళ్ళ మోకాళ్ళను ఒక్కొక్కటిగా నేలకు ఆనించారు. ఎవరో ఆపబోయేలోగా బురదలో బోర్లా పడుకుని బండి కిందికి పాకారు.

ఈ కథను తరువాతివారు వేరుగా చెప్పుకున్నారు. పీరు తాళం మీద చేయి వేసి ఊదగానే అది తెరుచుకుందని ఒక మాట ఉంది. అలా జరగలేదు. అక్కడే ఉన్న హుసేనప్ప, ఆ మాట విన్నప్పుడల్లా, ఆయన చొక్కా ఉతికింది నేనేనని, మోచేతుల దాకా నల్లమట్టి పట్టిందని, మూడు నీళ్ళు మార్చినా వదల్లేదని చెప్పేవాడట. ఆ సాక్ష్యమే నమ్మదగినది.

బండి కింద కుడివైపు వెనుక మూలన, దిమ్మె ఊతకాలి కిందికి ఎంతగా చొచ్చుకుపోయిందంటే, ఆ మూల మొత్తం రెండు వేళ్ళ ఎత్తు పైకి లేచి, ద్వారబంధం ఒరిగి ఉంది. సఫ్దర్ షా చుట్టూ తడిమి ఒక గుండ్రాయిని అందుకున్నారు. దిమ్మె కొసను పక్క నుంచి తట్టారు. ఏమీ జరగలేదు. మళ్ళీ తట్టారు. మూడోసారి తట్టినప్పుడు దిమ్మె బొటనవేలంత వెనక్కి జరిగింది.

బండి మూలిగింది. నాలుగు పక్కల పలకలూ ఒకదాని వెంట ఒకటి కిర్రుమన్నాయి, చాలాసేపు ఒకే భంగిమలో కూర్చున్న మనిషి కాళ్ళు చాపినట్టు. పైకి లేచిన మూల మెల్లగా కిందికి దిగింది. తలుపులో ఎక్కడో టక్కుమని చిన్న చప్పుడైంది.



ఇద్రీస్ చేయి చాచాడు. వంగిన తాళంచెవి, నూనె ఓడుతూ, నిప్పుసెగకు ఇంకా వెచ్చగా, తాళంలోనే ఉంది. రెండు వేళ్ళతో తిప్పాడు. తిరిగింది. తలుపు తనంతట తానే తెరుచుకుంది.

లోపల చీకట్లో అంగీ ఉన్న పెట్టె కనిపిస్తోంది. అతను దాని వంక చూశాడు కానీ లోపలికి వెళ్ళలేదు.

సఫ్దర్ షా బండి కింది నుంచి బయటకు వచ్చారు. గడ్డంలో మట్టి, మోకాళ్ళ మీద మట్టి. ఇద్దరు ఫకీర్లు చెరో చేయీ పట్టి లేపారు. ఆయన ఆయాసం తీర్చుకుంటూ ఇద్రీస్ వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు, హాస్యమూ లేదు.

"తాళం తెరుచుకుంది. నా మాట ప్రకారం అడుగుతున్నాను. ఎవరిని పంపాలి?"

 ఇద్రీస్ చూపు తాళం మీది నుంచి మెట్టు మీది నూనె మడుగు మీదికి, అక్కడి నుంచి కుంపటి మీదికి, కుంపటి పక్కన పడి ఉన్న ఆకురాయి మీదికి వెళ్ళింది. చివరకు హుసేనప్ప మూట దగ్గర ఆగింది. మూట చిన్నది. ముప్పై ఏళ్ళు పని చేసిన మనిషికి అంత చిన్న మూట ఉంటుందని అతను ఎన్నడూ గమనించలేదు.

అతను మెట్టు దిగి వెళ్ళి, ఆ మూట ముందు కూర్చుని ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి గట్టిగా ఉంది. లాగలేదు. ఓపికగా గోటితో వదులు చేశాడు. చెంబు తీసి పక్కన పెట్టాడు. కంబళి దులిపి చేతిమీద వేసుకున్నాడు.

"చాచా," అన్నాడు. హుసేనప్పను అతను అలా పిలవడం అదే మొదలు. "మిగతా మూడు దిమ్మెలూ కూడా నేనే కొట్టాను. ఎంత వదలాలో చూపిస్తారా?"

హుసేనప్ప ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. గురువుగారి తలపాగాను భద్రంగా మెట్టు మీద పెట్టి, పంచె ఎగగట్టుకున్నాడు.

"రండి మియా. చెప్పడానికేముంది, చేత్తో చూసుకోవాలి. వేలు పెట్టి తోస్తే కదిలీ కదలనట్టుండాలి. అప్పుడు బండి పడిపోదు, తలుపూ తెరుచుకుంటుంది."

"నీళ్ళు వణికితే?"

"ఊపిరి పీల్చే మనిషి లోపల కూర్చుంటే వణక్కేం చేస్తాయి?"

ఇద్దరూ బండి కింద చాలాసేపు ఉన్నారు. మూడు దిమ్మెలూ ఒక్కొక్కటిగా వదిలాయి. ఆ మూడుసార్లూ బండి మూలిగి సర్దుకుంది. వాళ్ళు బయటకు వచ్చేసరికి ఖాన్‌కా పెద్దలు చాపల మీద సిద్ధంగా కూర్చున్నారు. సఫ్దర్ షా పెట్టె తెరిచి, అంగీని తీసి, మోకాళ్ళ మీద పరుచుకుని ఉన్నారు.

"హజ్రత్," అన్నాడు ఇద్రీస్. చేతుల మట్టి తుడుచుకోలేదు. "దాన్ని ఈ రోజు పెట్టెలోనే ఉంచండి. వెళ్ళిన నలుగురూ ఇంకా కందనవోలు దారిలోనే ఎక్కడో ఉంటారు. నమాజు కాగానే వెనక్కి వెళతాను. వాళ్ళను వెతకాలి."

చాపల మీద కలకలం పుట్టింది. ఏడాదిగా ఎదురుచూస్తున్నామని ఒక పెద్దాయన అన్నాడు. సఫ్దర్ షా చేయెత్తి ఆపారు. అంగీని నాలుగు మడతలు వేసి పెట్టెలో పెట్టి మూత మూశారు. తలుపు దగ్గరకు వేశారు, తాళం మాత్రం వేయలేదు.

నమాజు అయింది. ఇద్రీస్ నీళ్ళతిత్తి భుజాన వేసుకున్నాడు. కొయ్యసుత్తిని బండి ఇరుసు మీద పెట్టి, తూర్పు దిక్కుగా నాలుగు అడుగులు వేశాడు.

"ఇద్రీస్," అని వెనుక నుంచి గురువు పిలిచారు.

అతను ఆగి తిరిగి చూశాడు.

"వాళ్ళు కనిపిస్తే ఏం చెబుతావు?"

ఇద్రీస్ ఆలోచించాడు. అరబ్బీలో, పారసీలో, తన తల్లి మాట్లాడిన మాటల్లో వెతుక్కున్నాడు.

"తెలియదు, హజ్రత్."

సఫ్దర్ షా తల ఊపారు.

"అయితే వస్తారు."